జమ ఏ వైపు, ఖర్చు ఏ వైపు: ఉద్యోగం చేస్తూ 12 వారాల అకౌంటింగ్ కోర్సు చదివిన అనుభవం

చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామికవాడలో, వాహనాల విడిభాగాలు తయారుచేసే ఒక కర్మాగారంలో నేను మెయింటెనెన్స్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. రెండేళ్ల కిందట ఒక సమీక్షా సమావేశంలో, పాత ఎయిర్ కంప్రెసర్‌ను తీసేసి, గాలి వాడకాన్నిబట్టి మోటారు వేగాన్ని తనంతట తానే తగ్గించుకునే కొత్త రకాన్ని కొనాలని ప్రతిపాదించాను. గాలి లీకేజీ ఎంత, నెలకు ఖర్చయ్యే యూనిట్లు ఎన్ని అన్నదాకా అన్నీ సిద్ధం చేసుకుని వెళ్లాను. వెల 18 లక్షలు, కరెంటు బిల్లులో ఆదా నెలకు 50,000, కాబట్టి 36 నెలల్లో పెట్టుబడి తిరిగి వచ్చేస్తుందని చెప్పి, ఇక ఎవరూ కాదనలేరని కూర్చున్నాను. ఫైనాన్స్ మేనేజరు గారు అంతా ఓపికగా విని మూడు ప్రశ్నలు వేశారు. ఆ 36 నెలల లెక్కలో తరుగుదల (యంత్రం పాతబడేకొద్దీ తగ్గే విలువను ఏటేటా ఖర్చుగా రాసుకోవడం) ఎక్కడ ఉంది? ఈ మూడేళ్లూ ఆ డబ్బు ఎక్కడినుంచి తెద్దాం? మీ స్టోర్స్‌లో కదలకుండా పడివున్న స్పేర్ల విలువ ఎంత?

యంత్రం గురించి ఎవరేమడిగినా తడుముకోని నేను, అదే యంత్రం వెల దగ్గరికి వచ్చేసరికి నీళ్లు నమిలాను. మొదటి ప్రశ్నలో ఒక చిన్న వల ఉందని నాకు తెలియడానికి ఇంకో తొమ్మిది నెలలు పట్టింది.

అప్పటికి నాకు 38 ఏళ్లు. ఇంట్లో ఆరేళ్ల పాప, ఇంటి రుణం వాయిదాలు, నెలలో ఒక వారం రాత్రి షిఫ్టు. రెండేళ్ల ఎంబీఏకు వెళ్లే వెసులుబాటు లేదు. ఆన్‌లైన్‌లో బిజినెస్ కోర్సులు నడిపే ఒక సంస్థకు నా నంబరు ఇచ్చిన పాపానికి, వారి ప్రతినిధి రోజుకు రెండు మూడుసార్లు ఫోన్ చేసి, రెండు లక్షల పైచిలుకు ఫీజులో ఈ రాత్రి 12 గంటలలోపు చేరితేనే రాయితీ ఇస్తామని చెప్పేవాడు. ఆ ‘ఈ రాత్రి’ వరుసగా పది రాత్రులు వచ్చింది. చివరికి మా టూల్ రూమ్‌లో పనిచేసే ఒక పెద్దాయన, తన కొడుకు కాలేజీలో అందరూ ఎన్‌పీటెల్ కోర్సులు చదువుతారని, అవి పిల్లలకే కాదు ఎవరికైనా తెరిచే ఉంటాయని చెప్పారు.

ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమం ఎన్‌పీటెల్. పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వడం 2014 నుంచి ఉంది. ఇంజనీరింగ్ పాఠాలే ఉంటాయనుకున్నాను గాని, మేనేజ్‌మెంటు కింద అకౌంటింగ్, మార్కెటింగ్, ఆపరేషన్స్ వంటివి చాలా ఉన్నాయి. చేరడానికి, పాఠాలు వినడానికి, ప్రతివారం అసైన్‌మెంట్లు చేయడానికి రూపాయి కట్టనక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలనుకున్నవారు మాత్రం పరీక్ష ఫీజు కట్టి, కేటాయించిన కేంద్రానికి స్వయంగా వెళ్లి రాయాలి. నేను కట్టినప్పుడు ఆ ఫీజు 1000 రూపాయలు. జూలైలో మొదలై అక్టోబరులో పరీక్షతో ముగిసే 12 వారాల ఫైనాన్షియల్ అకౌంటింగ్ కోర్సులో చేరాను.

మార్కుల పద్ధతి ముందే తెలుసుకోవడం మంచిదైంది. వారం వారం చేసే 12 అసైన్‌మెంట్లలో ఎక్కువ మార్కులు వచ్చిన 8 మాత్రమే లెక్కలోకి తీసుకుని, వాటి సగటును 25కు కుదిస్తారు. పరీక్షలో వచ్చిన మార్కులను 75కు కుదిస్తారు. 25కు కనీసం 10, 75కు కనీసం 30 వేర్వేరుగా వస్తేనే సర్టిఫికెట్. అంటే నాలుగు వారాలు ఏ కారణం చేతనైనా చెడినా కొంప మునగదు. షిఫ్టుల్లో పనిచేసేవాడికి ఆ నాలుగు వారాల వెసులుబాటే ప్రాణం. మొదటి వారంలోనే క్యాలెండరు ముందు పెట్టుకుని, రాత్రి షిఫ్టు వారాలు రెండు, ఆగస్టు చివరి ఐఎస్ఓ ఆడిట్ వారం ఒకటి ముందుగానే నీళ్లు వదిలేసుకున్నాను. ఒకటి మాత్రం అనుకోని ఆపద కోసం దాచాను.

మేముండేది పెరంబూరులో. అక్కడ లోకల్ రైలెక్కి పట్టరవాక్కంలో దిగితే ఫ్యాక్టరీకి నడకదూరం. రైల్లో ఉండేది 20 నిమిషాల లోపే. పాఠం ఒక్కొక్కటి సుమారు అరగంట. వెళ్లేటప్పుడు సగం, వచ్చేటప్పుడు సగం వింటే రోజుకొక పాఠం పూర్తవుతుందని లెక్క వేసుకున్నాను. మూడు వారాలు అలాగే చేసి, అంతా అర్థమైపోతున్నదని భ్రమపడ్డాను. విల్లివాక్కం దాటేసరికి తలుపు దగ్గరి జనంలో నిలబడి విన్నప్పుడు పాఠం మంచినీళ్లు తాగినట్టు దిగిపోయేది. అదే రాత్రి కాగితం ముందు కూర్చుంటే మొదటి పద్దు ఎటు రాయాలో తెలిసేది కాదు. అకౌంటింగ్ చెవితో వచ్చే విద్య కాదు. అప్పటినుంచి రైల్లో వినడాన్ని కేవలం పరిచయంగా పెట్టుకుని, పాప నిద్రపోయాక తొమ్మిదిన్నర నుంచి పదిమ్ముప్పావు వరకు పెన్సిలు, రబ్బరు, అడ్డగీతల నోటుపుస్తకంతో కూర్చునేవాడిని. అసైన్‌మెంటు గడువు బుధవారం రాత్రి 11 గంటల 59 నిమిషాలకు ముగుస్తుంది. ఆ తరువాత ఒక్క నిమిషమైనా తీసుకోరు. మూడో నెలకల్లా మా ఆవిడ, “ఏమండీ, బుధవారం రాత్రి మిమ్మల్ని పలకరించాలంటే హాల్ టికెట్ తీసుకోవాలా?” అని అడిగింది.

నేను అన్నిటికంటే ఎక్కువగా తన్నుకులాడింది డెబిట్, క్రెడిట్ల దగ్గర. జీతం పడగానే బ్యాంకు నుంచి ‘మీ ఖాతాలో క్రెడిట్ అయింది’ అని సందేశం వస్తుంది కదా. మరి పాఠంలో డబ్బు చేతికి వస్తే నగదు ఖాతాకు డెబిట్ రాయమంటారేమిటని రెండు రాత్రులు గింజుకున్నాను. బ్యాంకు తన పుస్తకం తెరిచి, తాను నాకు బాకీపడ్డ సంగతి చెబుతున్నదని, నా పుస్తకంలో అదే మొత్తం డెబిట్ వైపు ఉంటుందని తెలిశాక కూడా మనసు ఒప్పుకోలేదు. చివరికి నాయుడుపేటలో ఉన్న మా నాన్నగారికి ఫోన్ చేశాను.

నాన్నగారిది ఎరువుల కొట్టు. 40 ఏళ్లుగా చిట్టా (రోజువారీ పద్దుల పుస్తకం), ఆవర్జా (ఒక్కొక్కరి పేరున ఉండే ఖాతాల పుస్తకం) ఆయనే రాసుకుంటారు. ఎనిమిదో తరగతి వరకు చదివిన మనిషి. ఆయన చిట్టాలో ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. ఒక రైతు వచ్చి పాత బాకీ కింద 5000 ఇస్తే జమ వైపు రాస్తారు. నా సందేహం చెప్పగానే ఆయన, “ఆ జమ మన పెట్టెకి కాదురా, ఆ రైతు పేరుకి. వాడి లెక్కలో వాడికి జమ. పెట్టె లెక్క వేరే” అన్నారు. బ్యాంకు సందేశం, పాఠం, చిట్టా మూడూ ఆ ఒక్క మాటతో కలిసిపోయాయి: ఇచ్చినవాడి పేరుకు క్రెడిట్, పుచ్చుకున్న పెట్టెకు డెబిట్. ప్రతి లావాదేవీనీ ఇలా రెండు ఖాతాల్లో రాసే జంటపద్దు విధానాన్ని 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో లూకా పాచోలీ అనే సన్యాసి వివరించాడని, అది ఆయన కనిపెట్టినది కాదని, అప్పటికే అక్కడి వర్తకులు వాడుతున్నదాన్ని గ్రంథస్థం చేశాడని చదివినప్పుడు, నాకు ఎదురుగా నాన్నగారి గల్లాపెట్టె, ఎర్ర అట్ట పుస్తకమే కనిపించాయి.

అక్కడినుంచి ప్రతి పాఠాన్నీ ఎరువుల కొట్టులోకి మార్చుకుని చేయడం మొదలుపెట్టాను. నగదు ప్రవాహ పట్టిక, అంటే చేతికి వచ్చిన, చేతినుంచి పోయిన డబ్బు లెక్క, నాకు అంతుపట్టింది ఆ దారిలోనే. ఉదాహరణ ఒకటి పూర్తిగా చెబుతాను. నాన్నగారు 100 బస్తాల డీఏపీని రొక్కం చెల్లించి తెచ్చారనుకుందాం. అమ్మకం ధర బస్తా 1350. కొనుగోలు ధర లెక్క సులువుగా ఉండటానికి 1300 అనుకున్నాను. పెట్టిన డబ్బు 1,30,000. ఆ నెలలో 80 బస్తాలు అమ్ముడుపోయాయి, అందులో 30 రొక్కానికి, 50 పంట చేతికి వచ్చాక ఇచ్చే అరువుకి. అమ్మకాలు 1,08,000, అమ్ముడుపోయిన సరుకు ఖరీదు 1,04,000, లాభం 4000. లాభనష్టాల పట్టీ ఇంతవరకే చెప్పి ఊరుకుంటుంది. గల్లాపెట్టెలో చూస్తే వచ్చింది 40,500, పోయింది 1,30,000. పెట్టెకు 89,500 చిల్లు. లాభం వచ్చిన నెలలోనే ఇంటి ఖర్చులకు డబ్బు లేదని అమ్మ నాన్నగారిని నిలదీసిన సందర్భాలు నా చిన్నతనంలో ఎన్నో చూశాను. ఆ 4000కు, ఈ 89,500కు మధ్య ఉన్నదేమిటంటే, రైతుల దగ్గర 67,500, గోడౌన్‌లో 20 బస్తాల రూపంలో 26,000. ఈ రెండూ కలిపి, పెట్టెకు పడ్డ చిల్లు తీసేస్తే సరిగ్గా 4000. ఆ రాత్రి ఈ కూడిక సరిపోయినప్పుడు నేను గట్టిగా నవ్వితే పక్కగదిలో పాప లేచి కూర్చుంది.

లాభం నుంచి మొదలుపెట్టి నగదు లెక్కకు రావాలంటే, మనకు రావలసిన బాకీలు పెరిగితే తీసేయాలి, సరుకు నిల్వ తగ్గితే కలపాలి, మనం ఇవ్వవలసినవి పెరిగితే కలపాలి, తరుగుదలను వెనక్కి కలపాలి అని పాఠంలో చెప్పిన గుర్తులన్నీ బట్టీ పట్టి మూడుసార్లు తప్పు చేశాను. డీఏపీ బస్తాల తరువాత మాత్రం ఒక్కసారి కూడా పొరపడలేదు.

ఇక తరుగుదల. కంపెనీల చట్టం, 2013లోని రెండో షెడ్యూలు ప్రకారం సాధారణ యంత్రసామగ్రి ఆయుర్దాయం 15 ఏళ్లు, కంప్యూటర్లకు 3 ఏళ్లు. ఇది తెలిసి నేను కొంత నొచ్చుకున్నాను, ఎందుకంటే మా ప్లాంటులో 1990ల నాటి ప్రెస్ ఒకటి నేటికీ రోజుకు రెండు షిఫ్టులు నడుస్తున్నది, దానిని బతికించేది మేమే, పుస్తకాల్లో మాత్రం అది ఎప్పుడో చచ్చిపోయింది. దీనికంటే నన్ను ఎక్కువగా ఇబ్బందిపెట్టినది, ఏది మరమ్మతు ఖర్చు, ఏది ఆస్తికి కలిపే పెట్టుబడి ఖర్చు అన్న తేడా. ఐదో వారం అసైన్‌మెంటులో దీని మీద వచ్చిన ప్రశ్నలన్నీ, 14 ఏళ్ల అనుభవం ఉన్న ఇంజనీరునన్న ధీమాతో చకచకా చేసి 100కు 40 తెచ్చుకున్నాను. పెద్ద మొత్తం ఖర్చయితే పెట్టుబడి, చిన్న మొత్తమయితే మరమ్మతు అని ఇన్నాళ్లూ నా లోలోపల ఒక నమ్మకం ఉండిపోయింది. పాఠం చెప్పింది వేరు: ఖర్చు ఎంతయినా సరే, యంత్రాన్ని మునుపటి స్థితికి తెచ్చి వదిలేస్తే అది ఆ ఏటి ఖర్చే. దాని సామర్థ్యాన్నో ఆయుష్షునో మునుపటికంటే పెంచితేనే ఆస్తి విలువకు కలుస్తుంది. మూడు లక్షలు పెట్టి బేరింగులు, సీళ్లు అన్నీ మార్చిన ఓవర్‌హాలింగు మొదటి రకం. లక్షన్నరతో ఎక్కువ టన్నుల పనికి సరిపోయేలా మోటారు పెంచడం రెండో రకం. మా విభాగం ఇచ్చే పనుల అభ్యర్థనల్లో ఈ గడిని నేనే ఏళ్ల తరబడి తోచినట్టు టిక్కు పెట్టి పంపుతున్నాను, ఫైనాన్స్‌వాళ్లు మారుమాట్లాడకుండా దిద్దుకుంటున్నారు.

అనుకోని ఆపద కోసం దాచుకున్న ఒక్క వారం కూడా వాడవలసి వచ్చింది. ఒక బుధవారం సాయంత్రం ఏడింటికల్లా ఇంటికి చేరి, ఇంక ఆరు ప్రశ్నలే మిగిలాయని నిశ్చింతగా ఉండగా తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది: ఆ పాత కంప్రెసరే, నేను తీసేయమన్నదే, పూర్తిగా ఆగిపోయింది. రాత్రి రెండింటికి అది మళ్లీ తిరగడం మొదలుపెట్టేసరికి గడువు ముగిసి రెండు గంటలయింది. నాకు దక్కింది సున్నా. కంప్రెసర్ మీద కోపం రావలసిన చోట, డౌన్‌టైమ్ నష్టాన్ని కూడా నా ప్రతిపాదనలో చేర్చలేదే అన్న ఆలోచన వచ్చింది. మర్నాడు షిఫ్టు లాగ్ పుస్తకం తీసి, గత ఏడాదిలో అది ఎన్ని గంటలు ఆగిందో రాసుకున్నాను. 31 గంటలు.

అక్టోబరు చివరలో ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు నా పరీక్ష. కేంద్రం ఆవడి దాటాక ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పడింది. ఈశాన్య రుతుపవనాలు అప్పుడే దిగాయి. తెల్లవారి నుంచి ఒకటే వాన, గణేశపురం సబ్‌వేలో నీళ్లు నిలిచాయని పొద్దున్నే వార్త. లోకల్ రైలు నడుస్తుందో లేదో తెలియక పదిన్నరకే బయలుదేరి, ఆవడిలో దిగి, ఆరుగురితో ఇరుక్కుని షేర్ ఆటోలో వెళ్లేసరికి పన్నెండు కూడా కాలేదు. హాల్ టికెట్, గుర్తింపు కార్డు ప్లాస్టిక్ సంచిలో చుట్టి చొక్కా లోపల పెట్టుకున్నాను, చెప్పులు మాత్రం బురద. వరండాలో నిలబడ్డ వాళ్లంతా ఇరవై ఏళ్ల పిల్లలు. ఒక అబ్బాయి నన్ను చూసి మర్యాదగా లేచి, తమిళంలో, “సార్, ఇన్విజిలేటర్లు లోపలికి వెళ్లే దారి అటు” అని చూపించాడు. నేనూ పరీక్ష రాయడానికే వచ్చానని చెబితే వాడు సిగ్గుపడ్డాడు. తరువాత ఇద్దరం కలిసి వాడి దగ్గరున్న పాత ప్రశ్నల్లో రెండు చేశాం.

పరీక్ష కంప్యూటరు మీదనే. కాలిక్యులేటరు తెరమీద ఉంటుంది, చిత్తు పనికి కాగితాలు ఇస్తారు. మౌస్‌తో ఒక్కొక్క అంకె నొక్కుతూ కూడికలు చేయడం నాకు పెద్ద శిక్ష. ఇంట్లో ఎప్పుడూ ఫోన్‌లోని కాలిక్యులేటరుతోనే చేశాను గాని, ఇలా సాధన చేయాలని తోచలేదు. నిష్పత్తుల ప్రశ్నల దగ్గర 40 నిమిషాలు తినేశాను. చివరి పది ప్రశ్నలు పరుగు మీద చేశాను. బయటికి వచ్చేసరికి వాన ఆగింది, నా చెప్పుల్లో ఒకటి ఎవరో వేసుకుపోయారు.

ఫలితం వచ్చినప్పుడు అసైన్‌మెంట్ల సగటు 88, అంటే 25కు 22; పరీక్షలో 65, అంటే 75కు 48.75. మొత్తం 71. నలభై దాటితే మామూలు సర్టిఫికెట్, 60 నుంచి ఎలీట్, 75 నుంచి సిల్వర్, 90 నుంచి గోల్డ్. నాది ఎలీట్. నాలుగు మార్కుల్లో సిల్వర్ పోయిందన్న బాధ, నిజం చెప్పాలంటే, ఈనాటికీ కొంచెం ఉంది. ఆఫీసులో హెచ్ఆర్ వారు నా రికార్డులో ఆ సర్టిఫికెట్ ఎక్కించుకుని శుభాకాంక్షలు పంపారు. జీతంలో ఒక్క రూపాయి పెరగలేదు. పెరుగుతుందని ఎవరూ నాకు చెప్పనూ లేదు, ఫోన్‌లో రెండు లక్షల కోర్సు అమ్మజూపినతను తప్ప.

జనవరిలో కంప్రెసర్ ప్రతిపాదనను మళ్లీ పెట్టాను. ఈసారి మూడు ప్రశ్నలకూ సిద్ధంగా వెళ్లాను. తరుగుదల నగదు బయటికి పోయే ఖర్చు కాదు, కాబట్టి పెట్టుబడి ఎన్నాళ్లకు తిరిగి వస్తుందన్న లెక్కలో దానికి చోటు లేదు. ఆయుష్షు తీరాక మిగిలే విలువ కింద ఐదు శాతం వదిలి 15 ఏళ్లకు సమంగా పంచితే ఏటా 1.14 లక్షలు పుస్తకాల్లోని లాభాన్ని తగ్గిస్తుంది, ఆదాయపు పన్నుకు మాత్రం 15 శాతం చొప్పున వేరే లెక్క ఉంటుంది, అని చెప్పాను. మేనేజరు గారు తల పైకెత్తకుండానే చిన్నగా నవ్వారు. పోయినసారి నేను పడ్డ వల అదే.

డబ్బు ఎక్కడినుంచి అన్న రెండో ప్రశ్నకు జవాబు కొంత మూడో ప్రశ్నలోనే ఉంది. ఆ మూడోదానికి జవాబు సంపాదించడానికి మాత్రం నాకు రెండు శనివారాలు పట్టింది. స్టోర్స్‌లో రెండేళ్లుగా కదలని స్పేర్లన్నీ ఒక్కొక్క అర చూసి రాసుకుంటే 11 లక్షలు తేలింది. అందులో మేము ఎప్పుడో అమ్మేసిన ఒక లేత్‌కు చెందిన బేరింగులు కూడా ఉన్నాయి, నూనె కాగితం కూడా విప్పలేదు. సరుకును కొన్న ఖరీదుకో, అమ్మితే వచ్చే నికర విలువకో, ఏది తక్కువైతే దానికే పుస్తకాల్లో చూపాలన్నది నిల్వల మీద ఉన్న అకౌంటింగ్ ప్రమాణం. ఆ బేరింగులు అమ్మితే వచ్చేది పాత ఇనుము ధర. ఆ మాట నేనే మొదట అనడం మా విభాగానికి నచ్చలేదు, ఎందుకంటే వాటిని ఇండెంటు పెట్టి తెప్పించింది కూడా మేమే. పనికివచ్చేవాటిని సరఫరాదారుకు తిరిగి ఇచ్చి, కొన్నింటిని కంపెనీవారి ఇంకో ప్లాంటుకు పంపి, ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యాక కంప్రెసర్‌కు ఆర్డరు పెట్టారు.

ఆ సంక్రాంతికి నాయుడుపేట వెళ్లినప్పుడు నాన్నగారి ఆవర్జా ముందేసుకుని, రైతుల బాకీలను మూడు నెలలవి, ఏడాదివి, మూడేళ్లు దాటినవి అని విడదీసి ఒక కాగితం మీద రాశాను. మూడేళ్లు దాటినవి నాలుగు ఖాతాలు, మొత్తం 61,400. వీటిని రానిబాకీల కింద కొట్టేయాలి నాన్నా అన్నాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని ఆ నాలుగు పేర్లూ చూశారు. “కొట్టెయ్యమాకరా అబ్బయా. పద్దు ఉండాది కాబట్టే వాడు ఇంకా మన కొట్టు మెట్లెక్కతా ఉండాడు. కొట్టేస్తే పక్క కొట్టుకి పోతాడు, బాకీ రాదు, బేరమూ రాదు” అన్నారు. పద్దు కొట్టకుండానే, సంశయాత్మక బాకీలకు ఏర్పాటు అని వేరే ఒక పద్దు రాసుకుంటే రైతు ఖాతా అలాగే ఉంటుంది, మన లాభం మాత్రం ఎక్కువచేసి చూపుకోము అని చెప్పి, రాదనుకున్న పేర్ల పక్కన సన్నగా పెన్సిలు గీత పెట్టి చూపించాను. ఆయన కాసేపు ఆ గీతలనే చూసి, నా చేతిలోంచి పెన్సిలు తీసుకుని, ఏడాది బాకీల్లో నేను మంచిదని వదిలేసిన ఒక పేరు పక్కన తానే ఇంకో గీత పెట్టారు.